పొద్దున్నే ‘సర్వర్ హ్యాజ్ గాన్ అవే’: పైథాన్ స్క్రిప్ట్ మైఎస్‌క్యూఎల్‌కి మళ్లీ కనెక్ట్ కాకపోతే

లక్షణం

మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌తో మాట్లాడే పైథాన్ లైబ్రరీ పైమైఎస్‌క్యూఎల్‌తో రాసిన చిన్న స్క్రిప్ట్ ఒకటి ఆర్డర్లు తీసుకుని టేబుల్లో రాస్తుంటుంది. రాత్రి పదింటికి చివరి ఆర్డర్ రాసుకుంది. పొద్దున్న ఆరున్నరకు తొలి ఆర్డర్ రాగానే 2006 ఎర్రర్‌తో పడిపోయింది: ‘మైఎస్‌క్యూఎల్ సర్వర్ హ్యాజ్ గాన్ అవే’. ఆ తర్వాత వచ్చిన ప్రతి ఆర్డర్‌కీ ‘ఇంటర్‌ఫేస్ ఎర్రర్ (0, '')’. రీస్టార్ట్ చేస్తే బాగానే నడుస్తుంది, మర్నాడు మళ్లీ అదే తంతు. నేనైతే క్రాన్‌లో (వేళకి పనులు నడిపే లినక్స్ సాధనం) రోజూ ఒక రీస్టార్ట్ పెట్టి వారం రోజులు నెట్టుకొచ్చాను. మీరు ఆ పని చేయకండి.

కారణం

సర్వర్ ఎక్కడికీ పోలేదు. పనిలేకుండా కూర్చున్న కనెక్షన్‌ని అదే కోసేసింది. ఈ గడువు పేరు వెయిట్_టైమౌట్. డిఫాల్ట్‌గా 28,800 సెకన్లు, అంటే ఎనిమిది గంటలు. పది నుంచి ఆరున్నర వరకు ఎంతో లెక్కేసుకోండి.

మెసేజ్ లేని ఆ (0, '') ఏమిటంటే, సాకెట్ (నెట్‌వర్క్ లింకు) మూసేసిన కనెక్షన్‌నే స్క్రిప్ట్ ఇంకా పట్టుకుని వేలాడుతోందని అర్థం. డ్రైవర్‌ని (పైమైఎస్‌క్యూఎల్ లాంటి లైబ్రరీని) బట్టి, సర్వర్ వెర్షన్‌ని బట్టి 2006కి బదులు క్వెరీ మధ్యలో కనెక్షన్ తెగిందని చెప్పే 2013 గానీ, ఖాళీగా ఉన్నందుకు కోసేశానని చెప్పే, మైఎస్‌క్యూఎల్ 8.0.24 నుంచి వచ్చిన 4031 గానీ కనబడొచ్చు.

గడువు ఎంతుందో చూసేటప్పుడు ‘షో గ్లోబల్ వేరియబుల్స్’ అనే అడగండి. గ్లోబల్ అనే మాట లేకుండా అడిగితే కమాండ్ లైన్ క్లయింట్‌లో కనిపించేది ఇంటరాక్టివ్_టైమౌట్ (మనిషి కూర్చుని టైప్ చేసే కనెక్షన్ల గడువు) విలువ, మీ స్క్రిప్ట్‌కి వర్తించేది కాదు. పనిలో పనిగా అప్‌టైమ్ (సర్వర్ మొదలై ఎంతసేపైందో) కూడా చూడండి. అది తక్కువగా ఉంటే సర్వరే రాత్రి రీస్టార్ట్ అయిందన్నమాట. పెద్ద ఫైలు ఇన్‌సర్ట్ చేసినప్పుడు మాత్రమే 2006 వస్తుంటే మాక్స్_అలౌడ్_ప్యాకెట్ (ఒక్కసారిలో పంపగల డేటా పరిమితి) చూసుకోండి, అది వేరే గొడవ.

తేల్చుకోవడానికి తెల్లవారేదాకా కాచుకోనక్కర్లేదు. కనెక్ట్ అవగానే ‘సెట్ సెషన్ వెయిట్_టైమౌట్ = 5’ నడిపి, టైమ్.స్లీప్(10) పెట్టి, ఆపైన ‘సెలెక్ట్ 1’ అడగండి. పది సెకన్లలో జబ్బు బయటపడుతుంది.

పరిష్కారం

ప్రతి పని మొదట్లో కనెక్షన్ మీద పింగ్(రీకనెక్ట్=ట్రూ) పిలవండి. కనెక్షన్ బతికుంటే ఊరుకుంటుంది, పోయుంటే కొత్తది తెరుస్తుంది. కానీ ట్రాన్సాక్షన్ (కలిపి ఒకేసారి కమిట్, అంటే ఖాయం, చేయాల్సిన రాతల గుంపు) మధ్యలో మాత్రం దాన్ని పిలవకండి. పాత కనెక్షన్ పోయిందంటే కమిట్ కాని రాతలన్నీ దాంతోపాటే పోతాయి. కొత్త కనెక్షన్ మీద మిగతా సగం మాత్రం చల్లగా కమిట్ అవుతుంది. ఎర్రర్ ఏమీ రాదు, లెక్క తప్పుతుంది. ఎర్రర్ వచ్చి ఆగిపోవడమే దీనికన్నా నయం. టెంపరరీ టేబుళ్లు, గెట్_లాక్‌తో పట్టుకున్న తాళాలు, మీరు నడిపిన సెట్ సెషన్లు కూడా మిగలవు.

కొత్త కనెక్షన్ తెరిచినా అదే ఎర్రరా?

అయితే ఎక్కడో పాతదాన్నే వాడుతున్నారు. ముందుగా కర్సర్ (క్వెరీలు నడిపే ఆబ్జెక్ట్) చూడండి. పాత కనెక్షన్ నుంచి తీసిన కర్సర్ పాతదాన్నే అంటిపెట్టుకుని ఉంటుంది. రెండో కారణం నన్ను ఒక పూటంతా తిప్పింది. వేరే ఫైల్లో ‘ఫ్రమ్ డీబీ ఇంపోర్ట్ కాన్’ అని రాసి ఉంది. డీబీ ఫైల్లో కాన్‌కి కొత్త కనెక్షన్ ఇచ్చినా, ఇంపోర్ట్ చేసుకున్న ఫైల్లోని పేరు పాత ఆబ్జెక్ట్‌నే చూపిస్తుంటుంది. కనెక్షన్‌ని ఇంపోర్ట్ చేయడం మానేసి, దాన్ని ఇచ్చే ఫంక్షన్‌ని ఇంపోర్ట్ చేశాక కుదుటపడింది. కనెక్షన్లను తానే చూసుకునే పైథాన్ లైబ్రరీ ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ వాడేవాళ్లకు ఈ బాధ తక్కువ, ఇంజిన్ తయారుచేసేటప్పుడు పూల్_ప్రీ_పింగ్=ట్రూ పెడితే చాలు.

ఎర్రర్ లేదు, కదలికా లేదు

మధ్యలో ఫైర్‌వాల్ చప్పుడు చేయకుండా కనెక్షన్‌ని మరిచిపోతే ఇలా జరుగుతుంది. పైమైఎస్‌క్యూఎల్‌లో రీడ్_టైమౌట్‌కి (జవాబు కోసం ఆగే గడువుకి) డిఫాల్ట్ విలువ లేదు కాబట్టి స్క్రిప్ట్ జవాబు కోసం అలా చూస్తూనే ఉంటుంది. ఖాళీ కనెక్షన్ బతికుందో లేదో చూసే లినక్స్ కీప్‌అలైవ్ గడువు డిఫాల్ట్‌గా 7,200 సెకన్లు, రెండు గంటలు. అప్పటికి ఆలస్యమైపోతుంది. మీ క్వెరీల్లో అన్నిటికన్నా ఎక్కువసేపు నడిచేదానికంటే కాస్త ఎక్కువగా రీడ్_టైమౌట్ పెట్టండి.

అది దాటితే 2013 వస్తుంది. అప్పుడు మాత్రం గుడ్డిగా మళ్లీ ప్రయత్నించకండి. ఇన్‌సర్ట్ సర్వర్‌కి చేరి, జవాబు మాత్రమే దారిలో పోయుండొచ్చు. ఆర్డర్ నంబర్ మీద యూనిక్ కీ (ఒకే నంబర్‌ని రెండుసార్లు రాయనివ్వని నియమం) ఉంటే రెండోసారి పంపినప్పుడు 1062 డూప్లికేట్ ఎర్రర్ వస్తుంది. ఆ ఆర్డర్ ముందే రాయబడిందని అర్థం, దాటేసి తర్వాతిది తీసుకోండి.