పాత సీజన్ పట్టికలు చదవడం నేర్చుకుందాం – 3వ పాఠం: 1943, నోటర్ డేమ్

పోయిన రెండు పాఠాల్లో మామూలు సీజన్ పట్టిక ఎలా చదవాలో చూశాం కదా, ఇవాళ ఆ పద్ధతి అస్సలు పనిచేయని సంవత్సరం తీసుకుందాం. కొత్తగా చేరినవాళ్లకి మళ్లీ చెప్తున్నా, ఇది అమెరికన్ కాలేజ్ ఫుట్‌బాల్, మెస్సీ ఆడేది కాదు. నోటర్ డేమ్ అంటే అమెరికాలో ఒక యూనివర్సిటీ, దాని టీమ్.

ముందు నోట్‌బుక్‌లో ఇవి రాసుకోండి, నోటర్ డేమ్ స్కోరు ముందు వస్తుంది. పిట్స్‌బర్గ్ 41-0, జార్జియా టెక్ 55-13, మిషిగన్ 35-12, విస్కాన్సిన్ 50-0, ఇల్లినాయ్ 47-0, నేవీ 33-6, ఆర్మీ 26-0 (ఈ రెండూ ఆ దళాల ఆఫీసర్ల అకాడమీల టీములు), నార్త్‌వెస్టర్న్ 25-6, అయోవా ప్రీ-ఫ్లైట్ 14-13, చివరికి గ్రేట్ లేక్స్ 14-19. మొత్తం 9 గెలుపులు, 1 ఓటమి, అసోసియేటెడ్ ప్రెస్ అనే వార్తా సంస్థ ఇచ్చే ర్యాంకుల్లో నంబర్ వన్.

ఇప్పుడు నేవీ మ్యాచ్ కింద అడ్డంగా ఒక గీత గీయండి. అది జరిగింది అక్టోబర్ 30న. గీతకి పైన 6 మ్యాచ్‌ల్లో కొట్టిన పాయింట్లు 261, అంటే మ్యాచ్‌కి 43.5. కింద 4 మ్యాచ్‌ల్లో 79, అంటే ఇరవై కూడా లేదు. ప్రత్యర్థులకి ఇచ్చిన పాయింట్లు చూస్తే పైన 31, కింద 38. ఒకే టీమ్, ఒకే కోచ్ ఫ్రాంక్ లేహీ, మరి ఏమైంది?

యుద్ధం. 1943 జులైలో అమెరికా నేవీ వి-12 అనే ట్రైనింగ్ మొదలుపెట్టింది, కాబోయే ఆఫీసర్లని కాలేజీల్లోనే ఉంచి చదివించడం అన్నమాట, అందులో మెరీన్స్ (నేవీతో కలిసి పనిచేసే దళం) కుర్రాళ్లు కూడా ఉన్నారు. వీళ్లని కాలేజ్ టీమ్‌లో ఆడనిచ్చారు. ఆర్మీ వాళ్లు మాత్రం కాలేజీల్లో తమ ట్రైనీలని ఆడనివ్వలేదు. ఈ ఒక్క తేడా తెలిస్తే 1943 పట్టిక సగం అర్థమైనట్టే, ఎందుకంటే ఏ కాలేజ్‌కి ఏ ప్రోగ్రామ్ పడిందన్న దాన్నిబట్టే టీములు లేచాయి, పడిపోయాయి. అలబామా, టెన్నెసీ లాంటి పెద్ద టీములు ఆ ఏడాది అసలు దిగనే లేదు.

పైగా ట్రైనింగ్‌లో ఉన్నవాళ్లని ఎప్పుడు పంపమంటే అప్పుడు పంపాలి, సీజన్ మధ్యలో ఉందా అని ఎవరూ అడగరు. నోటర్ డేమ్ క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసిరి ఆట నడిపేవాడు) ఏంజెలో బెర్టెల్లీ మెరీన్స్ వాడు, నేవీ మ్యాచ్ అవ్వగానే క్యాంప్‌కి వెళ్లిపోయాడు. ఆరే మ్యాచ్‌లు ఆడి ఆ ఏడాది హైస్‌మన్ ట్రోఫీ, అంటే కాలేజ్ ఫుట్‌బాల్‌లో బెస్ట్ ప్లేయర్ అవార్డు కొట్టాడు, నాకైతే ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. వాడి చోట్లో 18 ఏళ్ల జానీ లుజాక్ దిగి మొదటి మ్యాచ్‌లోనే ఆర్మీని 26-0 కొట్టించాడు.

ఇక్కడ తొందరపడకండి, పాయింట్లు తగ్గడానికి బెర్టెల్లీ వెళ్లడం ఒక్కటే కారణం అని రాసేస్తే మార్కులు కట్. కింద ఉన్న ప్రత్యర్థులు ఎవరో కూడా చూడాలి. అయోవా ప్రీ-ఫ్లైట్ కాలేజే కాదు, నేవీ పైలట్ల ట్రైనింగ్ స్కూల్, గ్రేట్ లేక్స్ షికాగోకి ఉత్తరాన ఉన్న నేవీ స్టేషన్, అక్కడ ప్రొఫెషనల్‌గా ఆడొచ్చినవాళ్లు కూడా యూనిఫాం వేసుకుని దిగేవాళ్లు. అలాంటి గ్రేట్ లేక్స్ ఆఖరి నిమిషంలో ఒక లాంగ్ పాస్‌తో గెలిచింది.

ఇంకో జాగ్రత్త, కాలేజ్ పేరు చూసి టీమ్ బలం అంచనా వేయకండి. విస్కాన్సిన్ 1942లో 8 గెలిచి 1 ఓడి 1 డ్రా చేసుకుంది, 1943లో 1 గెలుపు 9 ఓటములు. వాళ్ల స్టార్ ఎల్రాయ్ హర్ష్‌ని మెరీన్స్ మిషిగన్‌కి పంపితే అక్కడ ఆడాడు, సీజన్‌కి ముందు ఎవరో ఐపీఎల్ ఆక్షన్ పెట్టినట్టు, కాకపోతే పాడేది మిలిటరీ. పర్డ్యూ టీమ్‌లో టోనీ బుట్కోవిచ్ అంతకుముందు ఏడాది ఇల్లినాయ్‌ వాడు. పర్డ్యూ తరఫున టచ్‌డౌన్ల మీద టచ్‌డౌన్లు కొట్టి, సీజన్ అవ్వకముందే వెళ్లిపోయి, 1945 ఏప్రిల్‌లో ఒకినావాలో చనిపోయాడు. ఇలాంటివి పట్టికలో ఉండవు, పక్కన మీరే రాసుకోవాలి.

హోంవర్క్ రెండు. ఒకటి, సెప్టెంబర్‌లో పర్డ్యూ గ్రేట్ లేక్స్‌ని 23-13 కొట్టింది, నవంబర్‌లో గ్రేట్ లేక్స్ నోటర్ డేమ్‌ని కొట్టింది, కాబట్టి పర్డ్యూనే గొప్ప అని ఎవరైనా వాదిస్తే ఏం జవాబిస్తారు? పర్డ్యూ 9కి 9 గెలిచి ర్యాంకుల్లో అయిదో స్థానంలో ఆగింది, చివరి రెండు మ్యాచ్‌లు మిన్నెసోటా 14-7, ఇండియానా 7-0. గీత ఎక్కడ గీయాలో మీకు తెలుసు.

రెండోది, ఒహాయో స్టేట్ 1942లో నంబర్ వన్, 1943లో 3 గెలుపులు 6 ఓటములు, రెండేళ్లూ కోచ్ పాల్ బ్రౌనే. కారణం రెండు లైన్లలో రాయండి, క్లూ పైనే ఉంది. వచ్చే పాఠంలో 1944, ఆర్మీ ఇదే నోటర్ డేమ్‌ని 59-0 కొట్టిన ఏడాది, ఈ నోట్‌బుక్ పేజీ దాచుకోండి.