రెండు రికార్డుల లయను కలపడం: డీజే తొలి పాఠం

ఒక పాట ముగియకముందే మరో పాటను దాని లయలోకి తెచ్చి కలపడానికి రెండు టర్న్‌టేబుళ్లు (రికార్డును తిప్పి వినిపించే యంత్రాలు), రెండింటి శబ్దాన్ని కలిపే ఒక మిక్సర్, ఒక హెడ్‌ఫోన్ కావాలి. టెక్నిక్స్ సంస్థ 1979లో తెచ్చిన ఎస్‌ఎల్-1200 ఎంకే2 అనే టర్న్‌టేబుల్‌లో వేగాన్ని 8 శాతం వరకు పెంచడానికీ తగ్గించడానికీ పిచ్ మీట ఉంది. క్లబ్బులలో అది ప్రామాణిక యంత్రంగా స్థిరపడింది.

సాధనకు హౌస్ సంగీతం, అంటే డ్రమ్ములను యంత్రాలతో మోగించే నృత్య సంగీతం, అనువైనది. అందులో నిమిషానికి సుమారు 120 నుంచి 130 బీట్లు నిలకడగా పడతాయి. పాత డిస్కో రికార్డులలో డ్రమ్ములు వాయించినది మనిషి కాబట్టి వేగం కాస్త అటూఇటూ అవుతుంది. శ్రోతలు మొదటి రికార్డు వింటుండగా, రెండవదానిని హెడ్‌ఫోన్‌లో ఒక చెవితో వింటూ, మొదటి బీటు దగ్గర వేలితో ఆపి, స్లిప్‌మ్యాట్ (రికార్డు కింద పరిచే జారుడు గుడ్డ) కింద పళ్లెం తిరుగుతూ ఉండగానే, మొదటి పాటలో కొత్త విభాగం ఆరంభమయ్యే బీటుపై వదలాలి. రెండూ క్రమంగా విడిపోతుంటే ఏది ముందుకు పోతున్నదో గుర్తించి పిచ్ మీటను సరిచేయాలి. అసలు కష్టమంతా ఈ గుర్తించడంలోనే ఉంది; కంప్యూటర్ తెరపై వేగం అంకెలు చూసి కలిపే అలవాటు మొదట్లోనే చేసుకుంటే చెవి పదునెక్కదని నా అభిప్రాయం. 120 వేగం గల పాట 126ను అందుకోవాలంటే 5 శాతం పెంచాలి, అప్పుడు శ్రుతి కూడా దాదాపు ఒక సెమిటోన్ (పక్కపక్క స్వరస్థానాల మధ్య దూరం) మేరకు పైకి జరుగుతుంది.

కలిపేటప్పుడు రెండు పాటల బాస్ (మంద్రమైన శబ్దం) ఒకేసారి నిండుగా మోగితే శబ్దం బురదబురదగా వినిపిస్తుంది. అందువల్ల కొత్త పాట బాస్‌ను ముందే తగ్గించి ఉంచి, 32 బీట్ల విభాగం ముగిసిన చోట పాతదాని బాస్‌ను దించుతూ దీనిని పెంచాలి.