రోహిణి కార్తె రాకముందే కారులో పెట్రోలు వాసన సంగతి తేల్చుకోండి

రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయంటారు. మే 25 ప్రాంతంలో మొదలయ్యే ఆ రెండు వారాలు ఒంగోలులోనైనా, కావలిలోనైనా, నెల్లూరులోనైనా ఎండలో నిలబెట్టిన కారు తలుపు పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. కంపెనీ నుంచి వచ్చిన కారు వచ్చినట్టే ఉంటే ఆ వేడికి పెద్దగా భయం లేదు. ఇంజిన్ మార్చినవాళ్లు, కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపే పాత పద్ధతి) తీయించి ఎంపీఎఫ్ఐ (పెట్రోలును ఒత్తిడితో చిమ్మే ఇంజెక్షన్ పద్ధతి) పెట్టించుకున్నవాళ్లు, కరెంటు పెట్రోలు పంపు బయట బిగించుకున్నవాళ్లు, గ్యాస్ కిట్టు వేయించుకున్నవాళ్లు మాత్రం ఇప్పుడే ఒక పూట కేటాయించండి. బండిలో పెట్రోలు వాసన ఉంటే "పాత బండి కదా, మామూలే" అనుకోకండి. వాసన వస్తోందంటే పెట్రోలుకో దాని ఆవిరికో బయటికి రావడానికి ఎక్కడో దారి దొరికిందని అర్థం.

నాకు ఈ సంగతి మా అమ్మ వల్ల తెలిసింది. మా పాత మారుతి 800లో ఆల్టో ఇంజిన్ వేయించిన ఏడాది, మే నెలలో కావలి నుంచి ఒంగోలు బయల్దేరాం. ఏసీ వేసి అద్దాలన్నీ ఎక్కించేశాను. సింగరాయకొండ దగ్గరికి వచ్చేసరికి వెనక సీట్లోంచి అమ్మ, "అబ్బయ్యా, కాసేపు బండి ఆపరా. తలకాయ తిరగతా ఉంది, కడుపులో తిప్పతా ఉంది. ఏందిరా ఈ పెట్రోలు కంపు" అంది. నాకు ఏ వాసనా తెలియలేదు. రోజూ ఆ బండిలోనే తిరిగి నా ముక్కు దానికి అలవాటు పడిపోయింది. తర్వాత ట్యాంకు దించి చూస్తే ఒక్క చుక్క కారడం లేదు. ట్యాంకు పైనుంచి ఆవిరిని తీసుకెళ్లే సన్న గొట్టాన్ని మాత్రం ఎక్కడా కలపకుండా వదిలేశారు. పంపు వైరు కోసం ఫ్లోరులో వేసిన రంధ్రానికి రబ్బరు బుష్షు లేదు. ఆవిరి నేరుగా అమ్మ కాళ్ల దగ్గరికే వచ్చింది.

మార్పులు చేసిన బండ్లలో చాలామంది పోగొట్టుకునేది ఈ ఆవిరి దారినే. ట్యాంకులో పెట్రోలు వేడెక్కితే ఆవిరి పుడుతుంది, అది ఎటో ఒకవైపు పోవాలి. ఎంపీఎఫ్ఐ బండ్లలో దాన్ని బొగ్గు నింపిన ఒక డబ్బాలోకి పంపిస్తారు. క్యానిస్టర్ అంటారు దాన్ని. బొగ్గు ఆవిరిని పట్టి ఉంచుతుంది, ఇంజిన్ తిరిగేటప్పుడు ఒక వాల్వు తెరుచుకుని ఆ ఆవిరిని ఇంజిన్‌లోకి లాగి కాల్చేస్తుంది. ఇంజిన్ మార్చేటప్పుడు ఈ డబ్బా అనవసరం అనిపించి పక్కన పడేస్తారు, బండి అది లేకుండా కూడా నడుస్తుంది కాబట్టి. ఆ గొట్టానికి బోల్టు కొట్టి మూసేస్తే ఇంకో తంటా: ఎండకు ట్యాంకు ఉబ్బి, మూత తీయగానే బుస్సుమని పెట్రోలు చిమ్ముతుంది. క్యానిస్టరూ దాని వాల్వూ తిరిగి పెట్టించండి. వైరింగ్ తెలిసిన ఎలక్ట్రీషియన్‌కు పెద్ద పనేం కాదు. నా లెక్కలో మ్యూజిక్ సిస్టమ్ కంటే, అల్లాయ్ చక్రాల కంటే ముందు ఖర్చు పెట్టాల్సింది దీనికే.

ఇక గొట్టాల సంగతి. కార్బురేటర్ బండిలో పెట్రోలు ఒత్తిడి పావు బార్ ప్రాంతంలో ఉంటుంది. ఎంపీఎఫ్ఐలో దాదాపు మూడు బార్లు, అంటే కారు టైర్లలో మనం కొట్టించే గాలి కంటే ఎక్కువ. పాత బండి గొట్టాన్నే ఉంచి కొత్త పంపు బిగిస్తే అది కొన్నాళ్లు ఓర్చుకుని ఎండాకాలంలో చేతులెత్తేస్తుంది. గొట్టం మీద అచ్చువేసిన అక్షరాలు చదవండి. ఎస్ఏఈ జె30 ఆర్7 అని ఉంటే అది కార్బురేటర్ బండికి సరిపోయేది. ఇంజెక్షన్‌కు ఆర్9 కావాలి. ట్యాంకు లోపల పెట్రోలులో మునిగి ఉండే ముక్కకు ఆర్10 వేరే ఉంది, ఎందుకంటే ఆర్9 గొట్టం పైపొర పెట్రోలులో నానడానికి చేసింది కాదు. ఏ అక్షరమూ లేని నల్ల గొట్టం ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు. క్లిప్పులు కూడా చూడండి. పళ్లున్న పాత రకం క్లిప్పు బిగించేకొద్దీ రబ్బరును కోస్తుంది. అంచులు మడిచి నున్నగా ఉండే ఇంజెక్షన్ క్లిప్పులు అడిగి తీసుకోండి. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023 నుంచి మన బంకుల్లోకి వచ్చింది. దానికి తట్టుకునేలా చేయని పాత రబ్బరు ఉబ్బడమో, గట్టిపడి పగలడమో జరుగుతుంది. గొట్టాన్ని వేళ్ల మధ్య పెట్టి వంచండి. వంపు మీద సన్నగీతల్లాంటి పగుళ్లు కనిపిస్తే అది ఈ ఎండాకాలం దాటదు.

తడి లేకుండా వాసన మాత్రమే వస్తుంటే ఒక పద్ధతి ఉంది. శుభ్రమైన పాత నూలు గుడ్డను అనుమానమున్న గొట్టం చుట్టూ చుట్టి రాత్రంతా వదిలేయండి. వేడి ఇంజిన్‌కు, పైపులకు తగలని చోట చుట్టండి. పొద్దున తీసి వాసన చూస్తే రబ్బరు గోడలోంచే ఆవిరి ఊరుతోందో లేదో తెలిసిపోతుంది. బండి ఆపిన పదినిమిషాల్లో బానెట్ దగ్గర కాస్త వాసన వచ్చి పోవడం కార్బురేటర్ బండ్లలో ఉండేదే, ఇంజిన్ వేడికి కార్బురేటర్ గిన్నెలోని పెట్రోలు ఆవిరవుతుంది. తెల్లవారుజామున చల్లగా ఉన్న బండి తలుపు తీస్తే వాసన రావడం మాత్రం ఎంతమాత్రం మామూలు కాదు.

లీకు వెతికేటప్పుడు అగ్గిపుల్ల, లైటరు, వైరుకు వేలాడే బల్బు దగ్గరికి రానీయకండి. బల్బు పగిలితే చాలు. సెల్‌ఫోన్ లైటో బ్యాటరీ లైటో వాడండి, దాన్నీ బండి కిందికి దూరకముందే వేసుకోండి. పక్కన బీడీ కాలుస్తూ నిలబడేవాళ్లను మొహమాటం లేకుండా అవతలికి పొమ్మనండి. ఎంపీఎఫ్ఐ అయితే ముందు పంపు ఫ్యూజు తీసి, ఇంజిన్ స్టార్ట్ చేసి దానంతట అది ఆగిపోయేదాకా ఉంచండి, గొట్టంలో ఒత్తిడి తగ్గుతుంది. తర్వాత బ్యాటరీ నెగటివ్ వైరు విప్పాకే గొట్టం మీద చెయ్యి వేయాలి. పెట్రోలు ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. పైకి పోదు, నేలమీద నీళ్లలా పరుచుకుంటుంది. గాలిలో నూటికి ఒకటిన్నర వంతు చేరితే అంటుకోవడానికి సిద్ధం. మన ఇళ్లల్లో కారు పోర్టికోలో ఉంటుంది, పక్కనే మెట్ల కింద ఇన్వర్టరు, గోడకు బోరు మోటారు స్టార్టరు, గడప దగ్గర సాయంత్రం దీపం. వాసన ఉన్న బండిని బాగుచేయించేదాకా అక్కడ పెట్టకండి. ఆరుబయట, గాలి ఆడేచోట, నీడలో పెట్టండి.

ట్యాంకులోంచి పెట్రోలు తీయాలంటే గొట్టం నోట్లో పెట్టుకుని లాగే అలవాటు మన షెడ్లలో ఇంకా ఉంది. పది రూపాయల పని కోసం ఊపిరితిత్తులు పాడుచేసుకోవద్దు. చేత్తో నొక్కే పంపు వాడండి. ఎవరైనా మింగితే వాంతి చేయించకండి. వాంతిలో పెట్రోలు ఊపిరితిత్తుల్లోకి పోతే మింగినదానికంటే ప్రమాదం. 108కి ఫోన్ చేయండి. ఆవిరి పీల్చి తల తిరిగితే ముందు ఆ మనిషిని గాలిలోకి తీసుకురండి. పెట్రోలులో బెంజీన్ కూడా ఉంటుంది, ఏళ్ల తరబడి పీలిస్తే రక్త క్యాన్సర్ తెచ్చే పదార్థం అది. గర్భిణుల్ని, పిల్లల్ని వాసన ఉన్న బండి ఎక్కించకండి.

చిల్లుపడ్డ ట్యాంకుకు బట్టల సబ్బు రుద్ది షెడ్డుదాకా రావడం వేరు, నెలలు నెట్టుకురావడం వేరు. ఖాళీ ట్యాంకే కదా అని వెల్డింగ్ షాపుకు అసలు తీసుకెళ్లకండి. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే పేలేది, లోపలంతా ఆవిరీ గాలీ కలిసి ఉంటాయి కాబట్టి. ట్యాంకు మార్చేయండి.

బంకులో గన్ను ఒకసారి టక్కుమని ఆగాక రౌండు ఫిగర్ కోసం ఇంకా కొట్టించకండి. భూమిలోని ట్యాంకు నుంచి వచ్చే పెట్రోలు కాస్త చల్లగా ఉంటుంది. బండి ఎండలో నిలబడి ఇంకో 15 డిగ్రీలు ఎక్కితే 35 లీటర్లు దాదాపు అర లీటరు పెరుగుతాయి. ఆ అర లీటరుకు చోటు లేకపోతే క్యానిస్టర్‌లోకి పోయి బొగ్గును తడిపి పాడుచేస్తుంది.

బండిలో కిలో పొడి నింపిన మంటలార్పే సిలిండరు డ్రైవరు సీటు దగ్గర పెట్టుకోండి, డిక్కీలో కాదు. పెట్రోలు మంట మీద నీళ్లు పోస్తే మంటే నీళ్లమీద తేలుతూ పారుతుంది. బానెట్ కింద పొగ వస్తే ఇగ్నిషన్ ఆపి, అందర్నీ దించి, దూరంగా జరిగి 101కి ఫోన్ చేయండి. బానెట్ పూర్తిగా ఎత్తితే గాలి తగిలి మంట మీదికి లేస్తుంది.

పని అయ్యాక మూడు రోజులు రాత్రి అద్దాలెక్కించి బండిని బయటే ఉంచండి. పొద్దున్నే తలుపు తీసి వాసన చూసేది మీరు కాదు, ఆ బండి ఎక్కని మనిషి చూడాలి. మా ఇంట్లో అమ్మ చూసింది. ఆ తర్వాత ట్యాంకు నింపించి ఇంకొక్కసారి చూడండి. మూత కింది మెడ గొట్టం, ట్యాంకు పైభాగం సీలు లాంటి చోట్ల లీకులు నిండు ట్యాంకుతోనే బయటపడతాయి, సగం ట్యాంకుతో ఎన్ని రోజులు చూసినా తెలియవు.