చలి ఊళ్ళో ఇంట్లోనే నిమ్మచెట్టు: పూత నుంచి పులిహోర దాకా

షికాగో లాంటి ఊళ్ళలో నిమ్మచెట్టు నేలలో బతకదు, కుండీలో పెట్టి చలికాలం ఇంట్లో, ఎండాకాలం బయట ఉంచితే మాత్రం కాయలు బాగానే కాస్తుంది. మా ఇంట్లో ఐదేళ్ళుగా ఉంది, నేను ఏం చేస్తానో చెప్తా.

ముందు మొక్క. గింజ వేస్తే కాపుకి ఏళ్ళు పడుతుంది, అంటు కట్టిన మేయర్ నిమ్మ కొనండి. 1908లో ఫ్రాంక్ మేయర్ అనే ఆయన చైనా నుంచి తెచ్చిన రకం, అక్కడ కూడా కుండీల్లోనే పెంచేవాళ్ళు. లేబుల్ మీద ఇంప్రూవ్డ్ మేయర్ అని ఉండేదే తీసుకోండి, పాత రకంలో వైరస్ ఉండేది.

అడుగున చిల్లులున్న 12 అంగుళాల కుండీ చాలు. పెరట్లో మట్టి వద్దు, నీళ్ళు త్వరగా దిగిపోయే పాటింగ్ మిక్స్ వాడండి. అంటు కట్టిన చోటు మట్టిలో పూడిపోకూడదు, దాని కింద నుంచి చిగుళ్ళు వస్తే వెంటనే తీసేయండి, అవి అంటు కోసం అడుగున వాడిన వేరే చెట్టువి, బలమంతా అవే లాగేసుకుంటాయి.

దక్షిణం కిటికీ దగ్గర పెట్టండి. ఎండ ఆరేడు గంటలు పడకపోతే గ్రో లైట్ (మొక్కల కోసం వాడే దీపం) రోజుకి 12 గంటలు వేయాల్సిందే.

ఇక అసలు సంగతి నీళ్ళు. మొదటి చలికాలం ఆకులు రాలుతుంటే దాహమేమో అనుకుని ఇంకా పోశాను, ఇంకా రాలిపోయాయి, చాలా బాధేసింది. తర్వాత అర్థమైంది ఏంటంటే కిటికీ ఎండకి ఆకులు వేడెక్కి నీళ్ళు అడుగుతాయి, కానీ కుండీ చల్లటి నేల మీద ఉంటే వేళ్ళు బిగుసుకుపోయి నీళ్ళు పీల్చలేవు, అందుకే చెట్టు ఆకులు వదిలేస్తుంది. కుండీని చెక్క పీట మీదకి ఎత్తండి, రెండు అంగుళాల లోతు దాకా వేలు పెట్టి చూసి పొడిగా ఉంటేనే గోరువెచ్చటి నీళ్ళు పోయండి.

హీటర్ గాలికి ఎర్రనల్లి (ఆకుల రసం పీల్చే చిన్న పురుగు) వస్తుంది, వారానికోసారి ఆకుల అడుగు భాగం కడగండి, తగ్గకపోతే వేప నూనె కొట్టండి. ఎరువు, సిట్రస్‌ది (నిమ్మజాతి చెట్లకి వాడేది), మార్చి నుంచి సెప్టెంబర్ దాకా చాలు.

ఇంట్లో తేనెటీగలుండవు కదా, పూత రాగానే మెత్తటి పెయింటింగ్ బ్రష్‌తో ఒక్కో పువ్వు మధ్యలో తిప్పి ఇంకో పువ్వుకి రాయండి, ఆ వాసనకి అసలు అక్కడి నుంచి లేవబుద్ధి కాదు. పిందెలు చాలా వరకు రాలిపోతాయి, అది మామూలే, కంగారు పడొద్దు.

రాత్రిళ్ళు 50 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటాక బయట పెట్టండి, మొదటి పది రోజులు నీడలోనే, లేకపోతే ఆకులు మాడిపోతాయి. మళ్ళీ రాత్రి చలి ఆ 50కి దిగకముందే లోపలికి తెచ్చేయండి.

కాయ పండడానికి ఆరు నుంచి తొమ్మిది నెలలు. గుడ్డు సొన రంగు వచ్చేదాకా ఆగండి, కోశాక ఇంకా పండదు. లాగకుండా కత్తెరతో కోయండి.

మేయర్‌కి మన నిమ్మంత పులుపుండదు, కొంచెం తీపి కూడా ఉంటుంది, అందుకే పులిహోరకి రసం ఎక్కువ పడుతుంది. స్టవ్ ఆపేశాకే పిండాలి, లేకపోతే చేదొస్తుంది. మందు కొట్టని లేత ఆకులు రెండు కడిగి చిదిమి మజ్జిగలో వేసుకోండి, అల్లం ముక్క, ఉప్పు కూడా, మా అమ్మ ఊళ్ళో చేసే మజ్జిగ వాసనే వస్తుంది.