ఓట్లు పడటం లేదు, గ్రూపులో మాట లేదు: బ్లాక్‌చెయిన్ నెట్‌వర్క్ సమస్యలు, పరిష్కారాలు

తిరుపతి బాలాజీ కాలనీలో ఆదివారం సాయంత్రం మేం కొందరం కూర్చుంటాం. ఎక్కువమంది ఇంజినీరింగ్ పిల్లలు, ఇద్దరు ముగ్గురు ఉద్యోగస్థులు. ఒక ప్రూఫ్ ఆఫ్ స్టేక్ నెట్‌వర్క్‌లో, అంటే టోకెన్లు (దాని డిజిటల్ నాణేలు) తాకట్టు పెట్టినవాళ్లు లావాదేవీలు సరిచూసే బ్లాక్‌చెయిన్ అనే ఉమ్మడి లెక్కల పుస్తకంలో, వాలిడేటర్ నోడ్ (అలా సరిచూసే కంప్యూటర్) నడుపుతాం, దాని తెలుగు గ్రూపు కూడా చూసుకుంటాం. "మనుషులు రావడం లేదు" అని మేం దిగులుపడిన ప్రతిసారీ లోపలికి వెళ్లి చూస్తే అసలు కారణం వేరే ఉండేది. నిర్ణయాలు ఎలా జరుగుతున్నాయో వచ్చినవాళ్లకు కనబడటం లేదు. అందుకే ఓటింగ్‌తో మొదలుపెడుతున్నాను.

ప్రతిపాదన పెడితే కోరం నిండటం లేదు

నెట్‌వర్క్‌లో ఏదైనా మార్చాలంటే ప్రతిపాదన పెట్టి ఓటు వేస్తారు, అది చెల్లడానికి కావాల్సిన కనీస ఓటింగే కోరం. ముందు మీ నెట్‌వర్క్‌లో ఓటు ఎలా లెక్కిస్తారో చూడండి. అన్నిచోట్లా ఒకటే పద్ధతి ఉండదు, మందు కూడా దాన్నిబట్టే మారుతుంది.

కాస్మోస్ హబ్ అనే నెట్‌వర్క్ లాంటి చోట మీరు టోకెన్లను ఒక వాలిడేటర్‌కు డెలిగేట్ చేసి (అంటే అతని పేరున తాకట్టు పెట్టి), మీరు స్వయంగా ఓటు వేయకపోతే, ఆ వాలిడేటర్ వేసిన ఓటే మీ ఓటుగా లెక్కకొస్తుంది. అక్కడ స్టేక్ చేసిన (తాకట్టు పెట్టిన) టోకెన్లలో 40 శాతం పాల్గొంటేనే ప్రతిపాదన చెల్లుతుంది. అంటే కోరం పడిపోయిందంటే ముందు పెద్ద వాలిడేటర్లు నిద్రపోతున్నారన్నమాట. మేం ఇది తెలియక రెండు నెలలు మామూలు సభ్యులనే బతిమాలాం. తర్వాత వాలిడేటర్ల జాబితాను ఓటు బలం వరసలో పెట్టి చూశాం. పైన ఉన్నవాళ్లలోనే ఓటు వేయనివాళ్లు కనబడ్డారు. వాళ్లకు నేరుగా మెసేజ్ పెట్టండి. ఎవరు వేశారో ఎవరు వేయలేదో ప్రతి ప్రతిపాదన తర్వాత గ్రూపులో చూపించండి. ఓటు వేయని వాలిడేటర్ నుంచి స్టేక్ మార్చుకోవచ్చని సభ్యులకు తెలియాలి. మా అనుభవంలో ఇంతకు మించిన మందు లేదు.

కాంపౌండ్ (క్రిప్టో అప్పులు నడిపే వేదిక) లాంటి చోట లెక్క వేరు. వాలెట్‌లో (టోకెన్లు ఉంచుకునే యాప్‌లో) టోకెన్ ఉన్నంత మాత్రాన ఓటు ఉండదు. ఓటు హక్కును ఎవరికైనా, కనీసం తనకు తానైనా, డెలిగేట్ చేసుకోవాలి. అదీ ఓటింగ్ మొదలయ్యే ముందే జరగాలి. "నా దగ్గర టోకెన్లున్నాయి కదన్నా, ఓటు ఎందుకు తీసుకోవడం లేదు?" అని అడిగేవాళ్లలో చాలామంది ఇక్కడే ఆగిపోయి ఉంటారు.

ఇంకొకటి భాష. ప్రతిపాదన ఇంగ్లిష్‌లో పది పేజీలుంటే పీలేరు నుంచి వచ్చే పిల్లాడు చదవడు, చదవలేదని తప్పుపట్టలేం కూడా. తెలుగులో మూడు ముక్కలు రాయండి: ఏం మారుతుంది, ఎంత ఖర్చవుతుంది, వద్దంటే ఏమవుతుంది. ఓటు బటన్లను కూడా వివరించాలి. కాస్మోస్‌లో 'వద్దు' వేరు, 'వీటో' వేరు. వీటో ఓట్లు మూడో వంతు దాటితే మిగతావాళ్లు ఎంత మద్దతిచ్చినా ప్రతిపాదన పోతుంది. మావాళ్లు కొందరు వీటో అంటే 'గట్టిగా వద్దు' అనుకుని నొక్కేవారు.

గ్రూపులో వేలమంది, మాట్లాడేది ముగ్గురు

తిరుపతిలో టోకెన్ అంటే ముందు గుర్తొచ్చేది సర్వదర్శనం టోకెన్. ఆధార్ చూపిస్తేనే ఇస్తారు కాబట్టి ఒకే మనిషి పది తీసుకోలేడు. వాలెట్ అలా కాదు, ఒక్కడే కూర్చుని ఒక్క పూటలో వంద తెరుస్తాడు. కాబట్టి ఉచిత టోకెన్లు పంచుతామని పిలిస్తే మీ గ్రూపులో పెరిగేది మనుషులు కాదు, వాలెట్లు. మా మొదటి సమావేశానికి గది నిండింది. పంచడం లేదని తెలిశాక, తర్వాతి ఆదివారం ఏడుగురు వచ్చారు. ఆరోజు చాలా బాధపడ్డాను. ఇప్పుడు మా నోడ్ నడిపేది ఆ ఏడుగురే.

అలాగని ఆధార్ అడగకండి. అంత సమాచారం దగ్గర పెట్టుకునే అర్హత మనలాంటి చిన్న గుంపుకు లేదు. ముందు చిన్న పని, ఆ పని చూశాకే బహుమతి అనే వరసలో వెళ్లండి. వాలెట్‌లో వచ్చే ఒక తప్పును తెలుగులో వివరించడం, టెస్ట్‌నెట్‌లో (అసలు డబ్బు లేని ప్రయోగ నెట్‌వర్క్‌లో) నోడ్ లేపి లాగ్ (అది రాసుకునే చిట్టా) చూపించడం, పాత ప్రతిపాదన ఒకదాన్ని సంక్షిప్తంగా రాయడం లాంటివి. కొత్తగా వచ్చినవాడికి మొదటి వారంలోనే ఒక పని, అడగడానికి ఒక మనిషి ఉండాలి. "అన్నా, నాకు కోడింగ్ రాదు, నేనేం చేసేది?" అని అడిగిన పద్మావతి మహిళా యూనివర్సిటీ అమ్మాయి ఇప్పుడు మా తెలుగు సంక్షిప్తాలన్నీ చూస్తోంది. మీరు లెక్కపెట్టాల్సింది సభ్యుల సంఖ్యను కాదు, పోయిన నెల వచ్చినవాళ్లలో ఈ నెలా వచ్చిందెందరో చూడండి.

గ్రూపు మొత్తం ధర గురించే అడుగుతుంటే దానికి వేరే గది పెట్టండి. అక్కడ పైన ఒకటే రాసి ఉంచండి: మన దేశంలో 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభంపై 30 శాతం పన్ను, అదే ఏడాది జులై 1 నుంచి బదిలీలపై 1 శాతం టీడీఎస్.

ఓటు బలం కొద్దిమంది చేతుల్లోకి పోయింది

2020లో స్టీమ్ నెట్‌వర్క్‌లో జరిగింది తెలుసుకోవాలి. కొన్ని పెద్ద ఎక్స్ఛేంజీలు (టోకెన్లు కొని అమ్మే వేదికలు) ఖాతాదారులు దాచుకున్న టోకెన్లనే స్టేక్ చేసి ఓటు వేసి, నెట్‌వర్క్ నడిపేవాళ్లను మార్చేశాయి. సభ్యులు అదే ఏడాది మార్చిలో విడిపోయి హైవ్ అనే వేరే చెయిన్ పెట్టుకున్నారు. 2022 ఏప్రిల్‌లో బీన్‌స్టాక్ అనే క్రిప్టో ప్రాజెక్టులో ఒకరు ఫ్లాష్ లోన్‌తో, అంటే ఒకే లావాదేవీలో తెచ్చి అందులోనే తీర్చేసే అప్పుతో, ఓటు బలం కొని తన ప్రతిపాదనను తానే నెగ్గించుకుని నిధులు ఖాళీ చేశారు. నష్టం సుమారు 18 కోట్ల డాలర్లు.

మీ దగ్గర మూడో వంతు బలం చేరడానికి ఎంతమంది వాలిడేటర్లు కలిస్తే సరిపోతుందో లెక్కేయండి. అంత బలం ఆగిపోతే చాలు, ఇలాంటి చాలా నెట్‌వర్క్‌లు నిలిచిపోతాయి. ఆ సంఖ్య చిన్నదైతే కింది వరసలోని మంచి వాలిడేటర్లను సభ్యులకు పరిచయం చేయండి. అప్పు తెచ్చిన టోకెన్లతో నెగ్గకుండా, ప్రతిపాదన రాకముందున్న నిల్వ ప్రకారమే ఓటు లెక్కించాలి. నెగ్గిన నిర్ణయం అమలు కావడానికి కొన్ని రోజుల గడువు ఉండాలి.

ఖజానా డబ్బు ఎటు పోతోందని గొడవ

ఖజానా అంటే నెట్‌వర్క్ ఉమ్మడి నిధి. 2023లో ఆర్బిట్రమ్ అనే నెట్‌వర్క్‌ను చూసుకునే ఫౌండేషన్ తనకు 75 కోట్ల టోకెన్లు కేటాయించే ప్రతిపాదన ఓటుకు పెట్టింది. ఓటు పూర్తికాకముందే అందులో కొంత వాడేశారని తెలిసి సభ్యులు భగ్గుమన్నారు. ఆ ప్రతిపాదనను విడగొట్టి మళ్లీ తేవాల్సి వచ్చింది. అక్కడ కోపం తెప్పించింది ఖర్చు కాదు, ముందే ఖర్చుపెట్టి తర్వాత అడగడం.

మా అమ్మ డ్వాక్రా సంఘంలో ఉంది. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అప్పు, సకాలంలో తిరిగి కట్టడం, పుస్తకం రాయడం అనే పంచసూత్రాలు వాళ్లకు నోటికొచ్చు. నెలనెలా పుస్తకం అందరి ముందు తెరుస్తారు. మేం ఖజానాకు అదే పెట్టుకున్నాం. గ్రాంటు ఒకేసారి ఇవ్వం, పని జరిగిన మేరకు విడతలుగా ఇస్తాం. ఐదుగురిలో ముగ్గురు సంతకం చేస్తేనే డబ్బు కదులుతుంది, ఆ ఐదుగురూ ఒకే స్నేహబృందం కాకూడదు. ప్రతి నెలా మొదటి ఆదివారం ఖర్చు తెలుగులో చదువుతాం.

అప్‌గ్రేడ్ రోజు చెయిన్ ఆగిపోయింది, లేదా మీ నోడ్‌కు శిక్ష పడింది

కొత్త సాఫ్ట్‌వేర్‌తో మూడింట రెండు వంతులకు మించిన ఓటు బలం లేస్తేనే తర్వాతి బ్లాక్, అంటే లావాదేవీల తర్వాతి పుట, పడుతుంది. ఆలస్యానికి మేం చూసిన కారణాలు మామూలువే: డిస్క్ నిండిపోవడం, పాత వెర్షన్ మిగిలిపోవడం, అర్ధరాత్రి ఎవరూ ఫోన్ ఎత్తకపోవడం. ముందు టెస్ట్‌నెట్‌లో చేసి చూడండి, ఫోన్ నంబర్ల వరస సిద్ధంగా ఉంచుకోండి.

శిక్ష (స్టేక్ చేసిన టోకెన్లలో కోత) విషయంలో మాత్రం ఒక జాగ్రత్త. మావాడొకడు కరెంటు పోతుందన్న టెన్షన్‌లో ఇంట్లో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి, ఒకే కీ ఫైలుతో (నోడ్ సంతకం చేసే రహస్య తాళంతో) రెండు నోడ్లు నడిపాడు. రెండూ ఒకే స్థానంలో రెండు వేర్వేరు బ్లాక్‌లకు సంతకం చేశాయి. కాస్మోస్ హబ్ నియమం ప్రకారం నోడ్ ఆగిపోయినందుకు కోత 0.01 శాతమే, రెండుసార్లు సంతకం చేస్తే 5 శాతం, పైగా ఆ వాలిడేటర్ మళ్లీ ఎప్పటికీ లేవదు. పోయేది నమ్మి డెలిగేట్ చేసినవాళ్ల డబ్బు కూడా. కరెంటు పోతే పోనివ్వండి. రెండో నోడ్ లేపే ముందు మొదటి దాని నుంచి కీ ఫైలు తీసేసి, అది సంతకాలు ఆపేసిందని బ్లాక్ ఎక్స్‌ప్లోరర్‌లో (బ్లాక్‌లన్నీ చూపించే వెబ్‌సైట్‌లో) మీ కళ్లతో చూసి, ఆ తర్వాతే రెండోది స్టార్ట్ చేయండి.