ఫాంటసీ ఫుట్‌బాల్ డ్రాఫ్ట్: ముందు ఎవర్ని పట్టాలి?

ఫాంటసీ ఫుట్‌బాల్ అంటే అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లతో ఊహా జట్టు కట్టి, వాళ్లు నిజం మ్యాచ్‌ల్లో ఆడినదాన్ని బట్టి పాయింట్లు తెచ్చుకునే ఆట; ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకోవడమే డ్రాఫ్ట్, ఒక్కో ఎంపిక ఒక పిక్. అమెరికాలో ఉన్న బావమరిది లీగ్‌లో బెజవాడ నుంచి చేరినవాళ్లు ముందుగా ఎగబడేది బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదకే. ఆగండి. 12 జట్ల మామూలు లీగ్‌లో ఆడించేది 12 మంది క్వార్టర్‌బ్యాక్‌లనే; బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్‌లైతే జట్టుకి ఇద్దరు చొప్పున 24 మంది. అంచనా పాయింట్లలో మొదటి క్వార్టర్‌బ్యాక్‌కీ 12వ వాడికీ, మొదటి రన్నింగ్ బ్యాక్‌కీ 24వ వాడికీ తేడా కాగితం మీద వేయండి. తేడా ఎక్కువున్న చోటే మొదటి పిక్.

అంతకంటే ముందు స్కోరింగ్ రూల్స్ చదవాలి. ఆరు క్యాచ్‌లు, 60 గజాలు: మామూలుగా 6 పాయింట్లు, క్యాచ్‌కో పాయింటిచ్చే పీపీఆర్‌లో 12. అక్కడ విసిరిన బంతిని అందుకునే వైడ్ రిసీవర్‌తో మొదలెట్టినా నష్టం లేదు. ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌ల లీగైతే లెక్కంతా తిరగబడుతుంది. మొదటి రెండు రౌండ్లలోనే ఒకణ్ణి పట్టేయాలి.

రౌండు రౌండుకీ వరస తిరగబడే స్నేక్ డ్రాఫ్ట్‌లో 1వ పిక్ మీదైతే మళ్లీ వంతు 24కి. ఈలోపు 22 మంది ఎగిరిపోతారు. కిక్కర్ (బంతి తన్నేవాడు), డిఫెన్స్ (ఒక జట్టు రక్షణ దళమంతా) చివరి రెండు రౌండ్లకే. ముందు తీసుకుంటే పిక్ దండగ.

డ్రాఫ్ట్ వేళ కూడా చూసుకోండి: ఆగస్టులో న్యూయార్క్ రాత్రి 8 అంటే మనకి తెల్లారి 5:30. నెట్ పోయిందా, ఆటోపిక్ (మీ బదులు సైటే ఎంచేయడం) ఇష్టమొచ్చినవాణ్ణి అంటగడుతుంది. క్యూలో పది పేర్లు ముందే పెట్టుకోండి.