రిఫరల్ పాయింట్లు రాలేదా? లోపం ఎక్కడుందో చూడండి

మీరు రిఫరల్ లింకు పంపిన మిత్రుడికి క్రెడిట్ కార్డు వచ్చింది, వాడుతున్నాడు కూడా. మీ ఖాతాలో మాత్రం, అతన్ని సూచించినందుకు బ్యాంకు ఇవ్వాల్సిన రిఫరల్ పాయింట్ల జాడ లేదు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి: ఆ దరఖాస్తు మీ ఖాతా కింద నమోదయిందా, లేదా? చాలా బ్యాంకుల యాప్‌లలో రిఫరల్ పేజీ తెరిస్తే మీరు ఎవరెవరిని సూచించారో, ఎవరిది ఏ దశలో ఉందో కనిపిస్తుంది. అక్కడ ఉన్నదాన్నిబట్టి ముందుకు వెళ్లాలి.

జాబితాలో ఆ దరఖాస్తే లేదు

ఎక్కువ ఫిర్యాదులు ఈ కోవలోవే. రిఫరల్ లింకు చివర ఉండే అక్షరాలు, అంకెలే మీ గుర్తింపు. లింకు నొక్కగానే అవి పేజీ చిరునామాలోనో, బ్రౌజరు దాచుకునే కుకీ అనే చిన్న ఫైలులోనో చేరతాయి. దరఖాస్తు పంపే క్షణం దాకా అవి చెక్కుచెదరకుండా ఉంటేనే పాయింట్లు మీ లెక్కలో పడతాయి.

సాధారణంగా ఏం జరుగుతుందంటే, మిత్రుడు మీ లింకును ఫోనులో ఏదో యాప్ లోపలే తెరిచి వివరాలు చూస్తాడు. సాయంత్రం తీరిగ్గా నింపుదామనుకుంటాడు. సాయంత్రం కంప్యూటర్ ముందు కూర్చుని బ్యాంకు పేరు వెతికి నేరుగా సైటులోకి వెళ్లిపోతాడు. బ్యాంకు లెక్కలో అతను తనంతట తాను వచ్చినవాడు. మధ్యలో మీరున్నారని దానికి తెలిసే దారి లేదు.

ప్రకటనలను అడ్డుకునే యాడ్ బ్లాకర్లు, కుకీలను తుడిచేసే సెట్టింగులు కూడా మీ గుర్తింపును ఇలాగే చెరిపేయవచ్చు. యాపిల్ వారి సఫారీ బ్రౌజరు ఇలా ఎవరు ఎక్కడినుంచి వచ్చారో గమనించే ట్రాకింగ్‌కు 2017లోనే కత్తెర వేయడం మొదలుపెట్టింది. 2020 నుంచి ఇతర సైట్లు పెట్టే కుకీలను పూర్తిగా అడ్డుకుంటోంది.

కాబట్టి లింకుతో పాటు ఈ ముక్క కూడా పంపండి: మామూలు బ్రౌజరులో తెరువు, అదే ఫోనులో, మధ్యలో ఆపకుండా పూర్తిచెయ్యి. దరఖాస్తు పేజీలో మీ పేరో, రిఫరల్ కోడో కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోమనండి. రేపు తేడా వస్తే చూపించడానికి అదొక్కటే ఆధారం.

మిత్రుడు దరఖాస్తు ఇప్పటికే పంపేసి, నిర్ణయం ఇంకా రాకపోతే, దరఖాస్తు సంఖ్య, తేదీ, స్క్రీన్‌షాట్ జతచేసి బ్యాంకుకు రాసి చూడవచ్చు. కార్డు మంజూరయ్యాక ఒప్పించడం కష్టం. రద్దు చేసుకుని మళ్లీ పెట్టుకోమని మాత్రం అనకండి. దరఖాస్తు పెట్టినప్పుడల్లా బ్యాంకు అతని క్రెడిట్ నివేదికను (అప్పులు, చెల్లింపుల చరిత్రను) తెప్పించుకుంటుంది, దానివల్ల అతని క్రెడిట్ స్కోరు కాస్త తగ్గవచ్చు. పాయింట్లు మీకు, నష్టం అతనికి అయితే ఎలా?

జాబితాలో ఉంది, 'పెండింగ్' దగ్గరే ఆగింది

పాయింట్లు ఇచ్చేది కార్డు మంజూరైనందుకు, దరఖాస్తు పెట్టినందుకు కాదు. కొన్ని పథకాల్లో మంజూరు కూడా చాలదు, కొత్త కార్డుతో మొదటి ఖర్చు చేయాలి లేదా వార్షిక రుసుము కట్టాలి. ఆ షరతు పూర్తయిందేమో మిత్రుణ్ని అడగండి. పూర్తయితే నిబంధనల్లో చెప్పిన గడువు దాకా ఆగడమే.

'అర్హత లేదు' అని చూపిస్తోంది

అతని దగ్గర ఆ బ్యాంకు కార్డు ఇప్పటికే ఉండవచ్చు, లేదా గతంలో ఉండి మూసేసి ఉండవచ్చు. మీరు పంపిన లింకు ఒక కార్డుకైతే అతను తీసుకున్నది మరొకటి కావచ్చు. ఇంట్లో మీ ఖాతా మీద అదనపు కార్డు వాడుతున్నవారిని కొత్త కస్టమర్‌గా లెక్కించేదీ లేనిదీ నిబంధనల్లో ముందే చూసుకోవాలి. మీ వైపు కూడా ఒకసారి చూసుకోండి: బిల్లు బకాయి పడినా, కార్డు మూసేసినా రావాల్సినవి ఆగిపోవచ్చు.

మొదట వచ్చాయి, తర్వాత ఆగిపోయాయి

చాలా పథకాల్లో ఏడాదికి ఇన్ని పాయింట్లేనని పరిమితి ఉంటుంది. ఏడాది అంటే జనవరి నుంచా, మీకు కార్డు వచ్చిన నెల నుంచా అన్నది చూడండి. ఇంట్లో మరొకరికి సొంత కార్డు ఉంటే తర్వాతి వారికి వారి లింకు పంపండి.

వచ్చినవి వెనక్కి తీసుకున్నారు

మిత్రుడు కొద్ది రోజులకే కార్డు మూసేయడం ఒక కారణం. తెలిసినవారికే పంపాలన్న నిబంధన ఉండగా లింకును నలుగురూ చూసే చోట పెట్టడం మరొకటి. సొంత లింకుతో మీరే రెండో కార్డు తీసుకున్నా అంతే. ఏ నిబంధన కింద తీసుకున్నారో రాతపూర్వకంగా అడగండి. బహిరంగంగా పెట్టిన లింకును అంతకు ముందే తీసేయండి.

మిత్రుడికి బోనస్ తక్కువ వచ్చింది

కొత్త కార్డు తీసుకునేవారికి బ్యాంకు సైటులో అందరికీ ఇచ్చే బోనస్ ఆఫర్ ఒక్కోసారి రిఫరల్ ఆఫర్ కన్నా పెద్దది. లింకు పంపే ముందు రెండూ పోల్చి చూడండి. అది పెద్దదైతే నేరుగా అక్కడికే వెళ్లమనడం మర్యాద. బిల్లు పూర్తిగా కట్టే అలవాటు లేనివారికి అసలు లింకే పంపవద్దు, వడ్డీ ముందు ఏ బోనసూ నిలవదు.

ఇవేవీ కాకపోతే అప్పుడు బ్యాంకుకు రాయండి. లింకు పంపిన తేదీ, దరఖాస్తు తేదీ, యాప్‌లో కనిపిస్తున్న స్థితి చాలు. మిత్రుడి కార్డు నంబరు, ఓటీపీ వంటివి అడిగి తీసుకోకండి. అతని దరఖాస్తు గురించి బ్యాంకు మీతో మాట్లాడదు. అవసరమైతే అతని చేతే ఫోన్ చేయించండి.